బురదలో మునిగిన గొంతులకు మళ్లీ ప్రాణం

(కొండపల్లి విలేకరి)

కొండపల్లి అనగానే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది పొణికి కర్రతో చేసిన బొమ్మ. ఆ తరువాత కొండమీది ఖిల్లా. ఈ ఊరిలో మరొక పని కూడా కొంతకాలంగా సాగుతున్నదని చాలా మందికి తెలియదు. అటకల మీద, మంచాల కింద దుమ్ము పట్టి పడివున్న పాత క్యాసెట్లకు, స్పూలు టేపులకు మళ్లీ నోరు వచ్చేలా చేయడమే ఆ పని.

ఈ పని చేస్తున్న రేడియో మెకానిక్కుకు అరవై ఎనిమిదేళ్లు. పేరు పత్రికలో వేయవద్దని ఆయన కోరారు. "పేరు వేశారంటే రేపు పొద్దున్నే పాత టీవీలు కూడా తెచ్చి వాకిట్లో పడేస్తారు నాయనా! నా దగ్గర మిగిలిన బెల్టులు పట్టుమని పది లేవు" అని ఆయన నవ్వుతూ అన్నారు.

ఇంటి వసారాయే ఆయన దుకాణం. ఒక బల్ల, దానిమీద టంకం కర్ర, స్పిరిట్ సీసా, దూది వుండ, చెవిపుల్లలు. గోడవారగా రెండు టూ ఇన్ వన్ సెట్లు, ఒక క్యాసెట్ డెక్కు, ఒక స్పూలు టేపు రికార్డరు. ఇవన్నీ పాత సామాను వ్యాపారుల దగ్గర కొన్నవే. ఒకదాని భాగాలు తీసి మరొకదానికి వేసి నడిపిస్తున్నారు.

శాంతినగర్ గండి తెచ్చిన పని

ఈ పని వూపందుకోవడానికి కారణం బుడమేరు. 2024 ఆగస్టు నెలాఖరున కురిసిన కుండపోత వానలకు బుడమేరు విరుచుకుపడింది. కొండపల్లి శాంతినగర్ దగ్గర బుడమేరు మళ్లింపు కాల్వ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1వ తేదీ నాటికి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు నీట మునిగాయి. సైన్యం కూడా చేయి కలిపిన తరువాత సెప్టెంబరు 7వ తేదీన మూడవ గండిని పూడ్చగలిగారు. 2005లో కూడా బుడమేరు విజయవాడను ముంచిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది.

నీరు తీసిన తరువాత వీధులలో పరుపులు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు గుట్టలుగా పడ్డాయి. ఏది పోయిందని అధికారులు అడిగితే ఫ్రిజ్ పోయింది, స్కూటరు పోయింది అని చెప్పారు. గొంతు పోయింది అని రాసుకునే గడి ఏ ఫారములోనూ వుండదు.

సింగ్‌నగర్‌లో వుంటున్న ఒక మహిళ పోగొట్టుకొన్నది అదే. ఆమె పుట్టిల్లు కొండపల్లికి దగ్గరలోని పల్లె. తండ్రి పగలు వ్యవసాయం, రాత్రి నాటకం. చుట్టుపక్కల గ్రామాలలో హరిశ్చంద్రుడి వేషానికి ఆయనకు మంచి పేరు. ఆయన 2003లో కన్నుమూశారు. ఆయన ఫోటోలు రెండే వున్నాయి. గొంతు మాత్రం మంచం కింది ట్రంకు పెట్టెలో పదకొండు క్యాసెట్లలో వుంది. వాటిని వినే సెట్టు పాడై ఇరవై ఏళ్లు దాటింది. "ఎప్పుడో ఒకప్పుడు బాగు చేయించుకుందాంలే అనుకుంటూ వచ్చాం. నీళ్లు వచ్చిన రోజు పిల్లలను మేడ మీదికి ఎక్కించే తొందరలో పెట్టె సంగతే మరిచిపోయాను" అని ఆమె ఈ విలేకరితో చెప్పారు.

అయిదో రోజున పెట్టె తెరిచారు. ఒక క్యాసెట్టు విప్పి, టేపు బయటికి లాగి, బట్టలు ఆరేసే తీగ మీద ఎండలో వేశారు. సాయంత్రానికి అది ముడతలు పడి, ఒకదానికొకటి అతుక్కొని పనికిరాకుండా పోయింది. మిగిలిన పదింటినీ కూడా అలాగే ఎండబెట్టబోతుండగా కొండపల్లిలోని బంధువు ఒకరు ఫోను చేసి ఆపారట. వెంటనే వాటిని సంచిలో వేసుకొని ఆమె ఈ వసారాకు వచ్చారు.

ఎండబెట్టలేదు, నీళ్లలో వేశారు!

"బాబాయి గారూ, వీటిని ఆరబెట్టి ఇవ్వండి" అని అడిగితే ఆయన ఆరబెట్టకపోగా, శుభ్రమైన నీళ్లున్న బకెట్టులో వేశారు. చూసి ఆమె బిత్తరపోయారు. "అమ్మాయ్, తడి వల్ల వచ్చే నష్టం కొంతే. ఆ బురద ఎండిందంటే మాత్రం టేపును గీసి పారేస్తుంది. తడిగా వున్నప్పుడే కడగాలి" అని ఆయన వివరించారు.

తరువాత ఒక్కొక్క క్యాసెట్టుకున్న అయిదు స్క్రూలు విప్పి, టేపు చుట్టను చెదరకుండా బయటికి తీశారు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బాలను అంచువెంట బ్లేడుతో నెమ్మదిగా తెరిచారు. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరుతో చుట్టలను మళ్లీ కడిగారు. నీడలో, గాలి తగిలే చోట రోజుల తరబడి ఆరనిచ్చారు. హీటరు పెట్టలేదు, ఎండ తగలనివ్వలేదు. పూర్తిగా ఆరిన తరువాత వాటిని పాత సినిమా పాటల క్యాసెట్ల డబ్బాలలోకి మార్చారు.

క్యాసెట్టులో టేపును హెడ్డుకు అదిమి పట్టడానికి చిన్న రేకు మీద ఒక మెత్తటి ప్యాడ్ వుంటుంది. దాని జిగురు వూడితే గొంతు మూగపోతుంది. నీటిలో నానిన క్యాసెట్లలో ఈ ప్యాడ్లు చాలావరకు వూడి వచ్చాయి. మంచి డబ్బాల నుంచి ప్యాడ్లు తీసి వేయవలసి వచ్చింది.

ఇంతా చేస్తే పదింటిలో ఏడు పలికాయి. మూడు పలకలేదు.

కాటి సీను

ఆ ఏడింటిలో ఒకదానిపై "హరిశ్చంద్ర – కాటి సీను – 1984" అని తండ్రి చేతిరాత వుంది. ఆ కాగితం నీళ్లకు చెరిగినా అక్షరాల జాడ మిగిలింది. ఆ క్యాసెట్టు వేసిన రోజున ఈ విలేకరి కూడా అక్కడే వున్నాడు.

మొదట హార్మోనియం వినిపించింది. ఆ వెంట గొంతు వచ్చింది గాని, దుప్పటి కప్పుకొని పాడుతున్నట్లుగా వుంది. మెకానిక్ సన్నటి స్క్రూ డ్రైవరు తీసుకొని హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పారు. దుప్పటి తీసేసినట్లు పద్యం ఒక్కసారిగా బయటికి వచ్చింది. రికార్డు చేసిన సెట్టులో హెడ్డు ఏ వాలులో వుందో, వినే సెట్టులోనూ అదే వాలు వుండాలట. లేకపోతే పైస్థాయి ధ్వనులన్నీ మాసిపోతాయట. "ఈ స్క్రూ తిప్పడం తెలియకే చాలామంది టేపు పోయిందనుకొని పారేస్తున్నారు" అని ఆయన అన్నారు.

మొదటి వైపు అరగంట నడిచింది. అక్కడక్కడ గొంతు మునిగి తేలుతున్నది. అయినా రాగం తెగలేదు. జనం వన్స్ మోర్ అనడం, ఎక్కడో చంటిపిల్లవాడు ఏడవడం, మైకు కూయడం అన్నీ వున్నాయి.

రెండవ వైపు తిప్పితే సినిమా పాటలు వచ్చాయి. 1990 దశకంలో ఇంట్లో ఎవరో నాటకం మీద పాటలు రికార్డు చేశారు. వెంట వచ్చిన తమ్ముడు తలవంచుకొని కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మెకానిక్ సెట్టు ఆపబోతే ఆమె వద్దన్నారు. చివరి దాకా విందామన్నారు. పాటలు అయిపోయిన తరువాత, టేపు చివరిలో సుమారు నాలుగు నిమిషాలు తుడవకుండా మిగిలిపోయాయి. అందులో పద్యం లేదు. నాటకం ముగిసిన తరువాత తెరవెనుక మాటలు. "హార్మోనియం అర శ్రుతి తగ్గించమంటే వినవేం బావా, గొంతు చీరుకుపోయింది" అని ఒక గొంతు. ఆ వెంట దగ్గు, నవ్వు.

"నాన్న దగ్గు అదే" అని ఆమె అన్నారు. పద్యాలకు ఏడవని మనిషి అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తాతగారిని ఎన్నడూ చూడని మనుమలు ముగ్గురు పక్కనే నిలబడి విన్నారు.

టేపు చరిత్ర

టేపు అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పూసినది. ఆ పొడి రేణువులలో అయస్కాంత శక్తి రూపంలో ధ్వని నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఏ.ఇ.జి. కంపెనీ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే యంత్రాన్ని చూపింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ విద్య అన్ని దేశాలకూ పాకింది. రేడియో కేంద్రాలలో వాడిన స్పూలు టేపు వెడల్పు పావు అంగుళం. ఏడంగుళాల స్పూలులో 1200 అడుగుల టేపు పడుతుంది. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో నడిపితే ముప్పై రెండు నిమిషాలు వస్తుంది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్‌లోనే చిన్న క్యాసెట్టును ప్రవేశపెట్టింది. ఇందులో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపే. వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. సి-60 క్యాసెట్టులో ఒక్కొక్క వైపు అరగంట, సి-90లో ముప్పావు గంట. 1970, 80 దశకాలలో గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు టూ ఇన్ వన్ సెట్లు తేవడం, 1980 దశకంలో మన దేశంలో చౌక క్యాసెట్ల వెల్లువ రావడంతో పల్లెపల్లెకూ ఇది చేరింది. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో ప్రారంభమైంది. అక్కడ జీతాలు అందుకొన్న కుటుంబాలు కొన్న సెట్లే తనకు మొదట్లో కూడుపెట్టాయని మెకానిక్ గుర్తు చేసుకున్నారు.

బెజవాడ రేడియో వరం

కృష్ణా జిల్లా ఇళ్లలోని క్యాసెట్లలో నాటకాల తరువాత ఎక్కువగా వున్నవి రేడియో నుంచి పట్టుకొన్నవే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిన భక్తిరంజనితో ఈ ప్రాంతంలో తెల్లవారేది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి వారి గళాలు ఈ కేంద్రం నుంచి వినిపించాయి. ఉషశ్రీగారి రామాయణ, భారత ప్రవచనాలు, ధర్మసందేహాలు వస్తున్న సమయంలో వీధిలో నడిచిపోతుంటే ఒక్క మాట కూడా తప్పిపోకుండా ఇంటింటి రేడియోలో వినవచ్చునని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆయన 1990లో కన్నుమూశారు.

టేపు ఖరీదైనది గనుక ప్రసారమైన కార్యక్రమాన్ని తుడిచి, అదే టేపును మళ్లీ వాడడం రేడియో కేంద్రాలలో పరిపాటిగా వుండేది. అందువల్ల కేంద్రంలో మిగలని కార్యక్రమం ఒక బడిపంతులు ఇంటి క్యాసెట్టులో మిగిలి వుండడానికి ఆస్కారం వుంది. "ఈమాట" అనే అంతర్జాల పత్రిక ఇటువంటి పాత రేడియో కార్యక్రమాలను సేకరించి శ్రోతలకు వినిపిస్తున్నది. ఆకాశవాణి కూడా తన భాండాగారంలోని రికార్డింగులను కొన్నింటిని కంప్యూటర్లలోకి ఎక్కించి యూట్యూబు ద్వారా అందిస్తున్నది.

ఏది ముందు కాపాడాలి?

అన్ని క్యాసెట్లనూ కాపాడనక్కర లేదని మెకానిక్ అభిప్రాయం. ఘంటసాలవారి భగవద్గీత ప్రతి వూరిలోనూ వుంది. సినిమా పాటల క్యాసెట్లు పోయినా పాటలు పోవు. పెళ్లిలో చెప్పించిన హరికథ, జాతరలో ఆడిన నాటకం, కొండపల్లి షా బుఖారీ ఉరుసులో ఎవరో పట్టుకొన్న ఖవ్వాలీ, దూరదేశం వెళ్లిన కొడుకుకు ఉత్తరం రాయడం రాక తల్లి మాట్లాడి పంపిన క్యాసెట్టు – ఇవి ప్రపంచంలో ఒక్కొక్కటే వుంటాయి. వాటినే ముందు పట్టుకోవాలి.

ఇళ్లలో క్యాసెట్లు వున్నవారికి ఆయన ఇచ్చే సలహాలు ఇవి. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలు వుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద పొరపాటున మరేదీ రికార్డు కాదు. ఆ తమ్ముడు రెండు బిళ్లలు విరిచి వున్న క్యాసెట్టు తీసుకొని వుంటే కాటి సీను రెండవ సగం నేడు వుండేది. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్టును సెట్టులో వేసేముందు పెన్సిలు దూర్చి నెమ్మదిగా తిప్పి చూడాలి. బిగిసి వుంటే బలవంతం చేయకూడదు. బూజు తెల్లగా కనిపిస్తే సెట్టులో అసలు వేయకూడదు. ఆ బూజు హెడ్డుకు అంటి తరువాతి క్యాసెట్టుకు కూడా పాకుతుంది. సెట్టు హెడ్డును, రబ్బరు రోలరును ప్రతిసారీ శుభ్రం చేయాలి. ముందుగా పనికిరాని క్యాసెట్టు వేసి పరీక్షించి, ఆ తరువాతే అసలుది వేయాలి.

స్పూలు టేపుల జబ్బులు వేరు. పాత ఎసిటేటు టేపు చెడితే పుల్లటి సిర్కా వాసన వేస్తుంది. 1970, 80 దశకాలలో వచ్చిన కొన్ని విదేశీ టేపులలో జిగురు గాలిలోని తేమను పీల్చుకొని బంకలా మారుతుంది. నడిపితే కీచుమని అరుస్తూ హెడ్డు మీద మడ్డి వదులుతుంది. విదేశాలలోని పెద్ద భాండాగారాలలో ఇటువంటి వాటిని సుమారు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి వుంచి, తాత్కాలికంగా గట్టిపడగానే కాపీ చేసుకుంటారు. ఇది అన్ని టేపులకూ పనికిరాదు. ఎసిటేటు టేపును ఇలా చేస్తే నాశనమవుతుంది. ఇంటి వంటగదిలో ఎవరూ ఈ ప్రయోగం చేయరాదని ఆయన గట్టిగా హెచ్చరిస్తున్నారు.

ఆయన దగ్గరున్న స్పూలు రికార్డరు విషయంలో చెప్పుకోదగ్గ విశేషం ఒకటుంది. స్పూలు ఇరుసు మీద నుంచి జారిపోకుండా పట్టి వుంచే రబ్బరు టోపీ కరిగిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. బొమ్మల కాలనీ పనివాడొకరు పొణికి కర్రతో దానిని చెక్కి ఇచ్చారు. తేలిక కర్ర కావడంతో స్పూలుకు బరువు లేదు. బిగింపు కోసం చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పూశారు. బొమ్మకు చేతులు అతికించే మక్కే అది. ఏనుగు అంబారీకి వేసే ఎర్ర రంగు కూడా పూసి ఇచ్చారు. యంత్రం నడుస్తున్నంతసేపు ఆ ఎర్ర బుడిపె తిరుగుతూనే వుంటుంది.

గడువు దాటిపోతున్నది

టేపులు ఇంకా కొంతకాలం మిగిలినా వాటిని వినిపించే యంత్రాలు మిగలడం లేదు. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర ధ్వని భాండాగారం 2015లోనే ఈ విషయమై హెచ్చరించింది. టేపులపై వున్నదంతా 2025 నాటికి కంప్యూటర్లలోకి మార్చకపోతే చాలావరకు శాశ్వతంగా పోతుందని చెప్పింది. యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లో "మాగ్నెటిక్ టేప్ అలర్ట్" పేరుతో ప్రపంచవ్యాప్తంగా ఆరా తీశాయి. విడిభాగాలు, బాగుచేసే మనుషులు కరువవుతున్నారని ఆ నివేదిక కూడా ఆందోళన వెలిబుచ్చింది. సోనీ కంపెనీ జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ తయారీని 2010లోనే నిలిపివేసింది.

కంప్యూటర్లోకి మార్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. సెల్‌ఫోను పక్కన పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను చప్పుడు కూడా వస్తుంది. సెట్టు నుంచి వైరు ద్వారా నేరుగా తీసుకోవాలి. ఎమ్‌పీ3గా కుదించకుండా వేవ్ ఫైలుగా దాచాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పద్ధతిలో గంట రికార్డింగుకు సుమారు ఒక గిగాబైటు స్థలం పడుతుంది. ఈ కాలంలో అది పెద్ద లెక్క కాదు. ఒక కాపీ ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో, ఒకటి ఇంటర్నెట్టులో వుంచుకుంటే మరో బుడమేరు వచ్చినా భయం లేదు. అసలు క్యాసెట్టును మాత్రం పారేయకూడదు.

ఆయన క్యాసెట్టుకు రెండు వందల రూపాయలు తీసుకుంటున్నారు. నాటకాల క్యాసెట్టు అయితే డబ్బు అడగడం లేదు. వారానికి నాలుగయిదుకు మించి చేయలేకపోతున్నారు. అరగంట పద్యాన్ని అరగంట వినవలసిందే గదా! వసారాలో ఇంకా రెండు సంచులు ఎదురుచూస్తున్నాయి. ఆయన కంటిచూపు తగ్గుతున్నది. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఒకడు సెల్‌ఫోన్ల దుకాణంలో జీతం వస్తుందని మానుకున్నాడు.

విజయవాడలోని ఏదైనా గ్రంథాలయంలోగాని, కళాశాలలోగాని ఒక గది కేటాయించి, రెండు మంచి డెక్కులు, ఒక కంప్యూటరు ఏర్పాటు చేస్తే తనకు తెలిసిన పని పదిమంది పిల్లలకు నేర్పడానికి సిద్ధంగా వున్నానని ఆయన అంటున్నారు. వూరూరా వున్న నాటక సమాజాల వారు, హరికథ, బుర్రకథ కళాకారుల కుటుంబాల వారు తమ క్యాసెట్లను అక్కడకు తెచ్చి కాపీ చేయించుకొని తిరిగి తీసుకుపోవచ్చు. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ, ఎన్.టి.ఆర్. జిల్లా అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలని పలువురు కళాభిమానులు కోరుతున్నారు. ఇందుకు కావలసిన సొమ్ము ఒక వీధిలో సిమెంటు రోడ్డు వేసే ఖర్చులో పదో వంతు కూడా వుండదు.

ఈ విలేకరి సెలవు తీసుకొని వస్తుండగా ఆయన తరువాతి సంచి విప్పారు. పైన వున్న క్యాసెట్టు మీద ఏమీ రాసి లేదు. "ఇందులో ఎవరున్నారో!" అంటూ పెన్సిలు దూర్చి నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టారు.